రెండు వైపులా అందే తాడు

తూర్పు తీరంలో ఉన్న ఆ సెయిలింగ్ క్యాంపుకు నేను చేరింది మార్చి నెల మిట్టమధ్యాహ్నం. వీపున కిట్ బ్యాగు, చేతిలో ట్రంకు పెట్టె. గేటు దగ్గర సెంట్రీ నా మూవ్‌మెంట్ ఆర్డర్ చూసి, "ఇంజనీర్సా? నేరుగా బోట్ షెడ్డుకు పో" అన్నాడు. అంతకుముందు రెండేళ్ళు మంచుకొండల్లో వంతెనలు కట్టి వచ్చాను. సముద్రాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. తమిళనాడులో తిరుత్తణి దగ్గర, ఆర్.కె.పేట పక్క పల్లెలో పుట్టినవాడికి నీళ్ళంటే బోరుబావి నీళ్ళే.

సైన్యానికి తెరచాప పడవల జట్టు కూడా ఉంటుందంటే మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. ఉంటుంది. ఇద్దరు నడిపే చిన్న పడవలు. ఒకడు చుక్కాని, పెద్ద తెర చూసుకుంటాడు. రెండోవాడు నడుముకు కొక్కెం తగిలించుకుని, తెరచాప స్తంభం మీదనుంచి వచ్చే తీగకు వేలాడుతూ పడవ బయటికి ఒరిగి బరువు నిలబెడతాడు. అతన్ని క్రూ అంటారు. నా పని నడపడం కాదు. తాళ్ళు, కప్పీలు, తెరలు సరిగ్గా ఉంచడం.

షెడ్డు రేకులది. లోపల ఉప్పు వాసన, జిగురు వాసన. షెడ్డుకు పెద్ద ఒక హవల్దారు. ఒడిశా మనిషి, జాలరుల ఇంట పుట్టినవాడు. తక్కువ మాట్లాడతాడు. నన్ను పైనుంచి కిందికి చూసి ఒక తాడు ముక్క చేతిలో పెట్టాడు.

"ఇంజనీరువి కదా. వంతెన కట్టడం మరిచిపో. ఇవాళ్టినుంచి ఇదే నీ వంతెన."

ఆ సాయంత్రమే మునిరత్నం పరిచయమయ్యాడు. నాయక్. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. నేను ముడి పడక తెలుగులో ఏదో తిట్టుకుంటుంటే వెనకనుంచి వినబడింది.

"ఏ ఊరన్నా నీది?"

"ఆర్.కె.పేట పక్కన."

"అట్లనా! మాది ఆరణి. పెరియపాళయం పక్కనే. ఒకే జిల్లావాళ్ళం గదన్నా. ఈడ మన భాష వినక నా చెవులు తుప్పు పట్టినాయి."

చెయ్యి చాచాడు. అప్పుడు చూశాను. కుడిచేతికి చివరి రెండు వేళ్ళు లేవు.

"మంచు తినేసినాదన్నా" అన్నాడు. మిగతాది హవల్దారు చెప్పాడు. ఉత్తరాన పోస్టింగుకు పోకముందు జట్టులో అందరికంటే మంచి చుక్కానిదారు మునిరత్నమే. చెయ్యి పాడయ్యాక ఇంటికి పంపేస్తారనుకున్నారు. బతిమాలి తిరిగి వచ్చాడు. ఈ సీజను సెలెక్షన్లలో నిలబడితే జట్టులో ఉంటాడు. లేకపోతే మెడికల్ బోర్డు, ఆపైన ఇల్లు.

నీళ్ళ మీద అతని కష్టం నేను, పడవల వెంట రక్షణకు తిరిగే సేఫ్టీ బోటులోంచి చూశాను. గాలిని బట్టి పడవ తిప్పిన ప్రతిసారీ నడిపేవాళ్ళు ఒక పక్కనుంచి రెండో పక్కకు మారి కూర్చోవాలి. తెరను బిగించే సన్నతాళ్ళ కొసలు మాత్రం పాత పక్కన పడి ఉంటాయి. ఐదు వేళ్ళున్నవాడు చూడకుండానే తడిమి పట్టుకుంటాడు. మునిరత్నానికి మూడు వేళ్ళతో ఆ కొస దొరకదు. దొరికినా జారిపోతుంది. వంగి వెతుక్కునేసరికి పక్క పడవ ముందుకు పోయేది.

"వాడికి కొస లేని తాడు కావాలి" అన్నాడు హవల్దారు.

దానికి కంటిన్యువస్ లైన్ అని పేరు. తాడు రెండు కొసలూ కలిపి అతికేస్తారు. మాలలా అయిన తాడు పడవకు ఆ పక్కనుంచి ఈ పక్కకు కప్పీల మీద తిరుగుతూ ఉంటుంది. ఎటు కూర్చున్నా చేతికి అందుతుంది. కాళ్ళకు చుట్టుకునే కొసలు ఉండవు. అయితే ముడి వేస్తే కప్పీలో ఇరుక్కుంటుంది. అందుకే స్ప్లైసింగ్ చెయ్యాలి. తాడు పైతొడుగు వెనక్కి జరిపి, లోపలి పోగులు కొన్ని తీసేసి కొసను సన్నం చేసి, బోలు సూదితో ఒక కొసను రెండోదాని కడుపులోకి దూర్చాలి. పైన మైనం పూసిన దారంతో కుట్టాలి. చూడ్డానికి, తడమడానికి అతుకు తెలియకూడదు.

నా మొదటి అతుకు పాము కప్పను మింగినట్టు ఉంది. కప్పీలో ఇరుక్కుంది. హవల్దారు కత్తి తీసి కోసేశాడు. "మళ్ళీ." రెండోది లాగితే ఊడింది. "మళ్ళీ." ఏప్రిల్ అంతా అదే మాట. వేళ్ళ కొసలు పగిలాయి. మునిరత్నం రోజూ ప్రాక్టీసు అయ్యాక తడిబట్టలతోనే వచ్చి నా ఎదుట బోర్లించిన బకెట్ మీద కూర్చునేవాడు. ఫోనులో వీడియో కాల్ పెట్టి నన్ను భార్యకు చూపించేవాడు. ఆమె పేరు గౌరి. గుమ్మిడిపూండి వైపు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని.

"అన్నా, ఈయన పని ఒళుంగా, సరిగ్గా చేస్తా ఉండాడా? నిన్ను సతాయిస్తా ఉండాడా?"

"సతాయిస్తా ఉండాడమ్మా."

"ఆమా, నాకు తెలుసు" అని నవ్వేది.

మే నెలలో ఒకరోజు అతుకు కుదిరింది. హవల్దారు దాన్ని చెంపకు ఆనించి చూశాడు. తన టీ గ్లాసు నా ముందుకు జరిపాడు. మునిరత్నం కళ్ళు మూసుకుని తాడు మొత్తం మూడు వేళ్ళ మధ్య తిప్పాడు.

"అతుకు యాడుండాదన్నా?"

"నువ్వే చెప్పు."

ఇంకోసారి తిప్పాడు. దొరకలేదు. కళ్ళు తెరిచినప్పుడు వాటిలో నీళ్ళున్నాయి. "నా చేతికి కూడా ఇట్లనే అతుకు పెట్టినావన్నా" అన్నాడు.

అతని పడవలో కావలసిన తాళ్ళన్నీ అలా మార్చేశాను. జూన్ చివరికి మునిరత్నం పడవ మళ్ళీ ముందు వరసలోకి వచ్చింది. సెలెక్షన్లలో నెగ్గాడు. క్రూ ఒక మరాఠీ లాన్స్ నాయక్. ఇద్దరికీ బాగా కుదిరింది. ఒకరి భాష ఒకరికి రాదు. తిట్లు మాత్రం మార్చుకున్నారు.

జూలై నెలాఖరు. సాయంత్రం ప్రాక్టీసు. గాలి మామూలుగా ఉంది. పడమట ఒక మబ్బు నల్లగా లేస్తోంది. ఆఫీసరు రేడియోలో అన్ని పడవలనూ వెనక్కి రమ్మన్నాడు. తీరం వైపు తిరిగాయి. ఇంతలోనే నీళ్ళ మీద తెల్లటి గీత పరుగెత్తుకుంటూ వచ్చింది. గాలి, వాన ఒక్కసారే. పది గజాల అవతల ఏమీ కనబడలేదు.

"సేఫ్టీ టూ, సేఫ్టీ టూ. మూడో పడవ తిరగబడింది. ఒక తలే కనబడుతోంది. జల్దీ." రేడియోలో పక్క పడవ నుంచి కేక.

మూడో పడవ మునిరత్నానిది. సేఫ్టీ టూలో ఉన్నది నేనూ, ఇంజను నడిపే సిపాయీ. అలల్లో ఇంజను గాల్లోకి లేచి అరుస్తోంది. మేము దగ్గరికి వెళ్ళేసరికి పడవ అడుగుభాగం ఆకాశం వైపు ఉంది. దాని మీద మునిరత్నం. క్రూ కనబడలేదు. అతని నడుం కొక్కెం తీగలో చిక్కి, తెర కింద ఇరుక్కుపోయాడు.

మునిరత్నం లైఫ్ జాకెట్ విప్పేస్తున్నాడు.

అది వేసుకుంటే మనిషి పైకే తేలుతాడు, కిందికి మునగలేడు. తీసేస్తేనే తెర కిందికి పోగలడు. అతనికి తెలుసు. నాకూ తెలుసు.

"రత్నం, ఆగు! మేం వస్తా ఉండాము!"

"వాడికి టైం లేదన్నా!"

మునిగాడు. మేము పడవ అంచు పట్టుకున్నాం. నేను చెయ్యి కిందికి పెట్టి తడుముతున్నాను. తెర, తాళ్ళు, నీళ్ళు. కొంతసేపటికి ఒక తల బయటికి వచ్చింది. లాన్స్ నాయక్. ఉప్పునీళ్ళు కక్కుతున్నాడు. వాడిని ఎవరో కిందనుంచి తోశారు. ఆ తోపు నా చేతికి తెలిసింది. సిపాయీ నేనూ కలిసి వాడిని పైకి లాగాం. మళ్ళీ చెయ్యి పెట్టాను. అప్పుడే పెద్ద అల వచ్చి తిరగబడ్డ పడవను ఎత్తి, మా నుంచి దూరంగా పడేసింది.

వాన వెలిశాక దొరికాడు. నుదుటి మీద దెబ్బ. ముఖం మామూలుగానే ఉంది.

మరునాడు పొద్దున విచారణ. పడవను ఒడ్డుకు లాగి పెట్టారు. ఆఫీసరు ఒక్కొక్క తాడూ చూశాడు. నన్నే తిప్పి చూపించమన్నాడు. తిప్పాను. ఏ అతుకూ ఊడలేదు. ఏ కప్పీలోనూ ఇరుక్కోలేదు. ఏదీ తెగలేదు.

"సామానులో లోపం లేదు" అని ఆఫీసరు రాయించాడు. నేను సెల్యూట్ చేసి షెడ్డు వెనక్కి వెళ్ళాను. హవల్దారు అక్కడే ఉన్నాడు. నా బూట్ల మీదికి ఇసుక ఎగిరి పడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

అతన్ని ఇంటికి తీసుకుపోయే పని నాకే ఇచ్చారు, ఆ భాష నాదే కాబట్టి. చెన్నై వరకు విమానం. అక్కడినుంచి సైన్యం లారీ. వెనక జెండా కప్పిన పెట్టె, పక్కన నేనూ, నలుగురు జవాన్లూ. ముందు డ్రైవరు పక్కన మునిరత్నం వాళ్ళన్న. ఎక్కేముందు నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, గౌరికి ఇంకా చెప్పలేదు. దెబ్బ తగిలినాది, ఆస్పత్రిలో ఉండాడనే చెప్పినాము. రాత్రంతా కూర్చోనే ఉండాది. తెల్లారి లేచి పెరియపాళయం అమ్మవారి గుడికి పోయినాది."

"ఎందుకు?"

"వేపాకు చీర మొక్కు సార్. తమ్ముడి చెయ్యి పాడైనప్పుడు మొక్కుకున్నాది, ఉద్యోగం నిలబడితే కట్టుకుంటానని. ఇద్దరం కలిసి పోదామని వాడే ఆపినాడు. ఇప్పుడు, మొక్కు ఆలస్యం చేసినందుకే ఇట్లయిందని పోయినాది. ఆపలేకపోయినాము."

తమిళుల ఆడి నెల, అమ్మవారి మొక్కుల నెల. ఆదివారం. పెరియపాళయం దగ్గర రోడ్డు నిండా జనం. పంబ వాయిద్యాలు, పసుపునీళ్ళు, సాంబ్రాణి పొగ. లారీ కదల్లేక ఆగిపోయింది. ఆడవాళ్ళు తలస్నానం చేసి, తడి పసుపు చీరల మీద ఒంటినిండా వేపకొమ్మలు కట్టుకుని గుడి వైపు నడుస్తున్నారు. వాళ్ళలోంచి ఒకామె ఆగి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"అన్నా! నువ్వేనా? ఆస్పత్రినుంచి తీసుకొచ్చేసినారా? ఆయన యాడన్నా?"

ముందునుంచి ఆమె బావ, మునిరత్నం అన్న, దిగి, "గౌరీ... అమ్మా..." అంటూ ఆమె వైపు వచ్చాడు. ఆమె అతన్ని చూసింది. జవాన్లను చూసింది. లారీ వెనక పలక మీద రెండు చేతులూ పెట్టి లోపలికి చూసింది.

అరుస్తుందనుకున్నాను. పడిపోతుందనుకున్నాను. పలకను పట్టుకుని అలాగే నిలబడింది. భుజాల మీది వేపరెమ్మలు మాత్రం వణికాయి.

"రామ్మా, పైకి ఎక్కు" అన్నాను చివరికి.

"ఇంకా గుడి చుట్టు తిరగలేదన్నా."

"అమ్మా..."

"ఆయన ఉద్యోగం నిలబెట్టమని మొక్కినాను. నిలబెట్టినాది గదా ఆ తల్లి. ఇది వేరే." భుజం మీదినుంచి జారిన రెమ్మను సర్దుకుంది. "మొక్కు తీర్చకుండా వచ్చి ఆయన పక్కన ఎట్ల కూర్చునేది? చుట్టేసి వస్తాను. లారీ నీడకు పెట్టమనన్నా. ఆయనకు ఎండ తగలనీయొద్దు."

వెళ్ళింది. బావ రోడ్డు మీదే కూలబడ్డాడు. డ్రైవరు లారీని ఒక కొబ్బరికాయల అంగడి పక్కకు, నీడలోకి తీశాడు.

ఆమె చెప్పినట్టే తిరిగి వచ్చింది. ఎక్కి కూర్చుంది. ఆ సాయంత్రం తుపాకులు పేల్చి సెల్యూట్ చేశాం. ఏడాది తిరక్కుండానే నా సర్వీసు కూడా అయిపోయింది. తిరుత్తణి స్టేషన్లో దిగి, టౌన్ బస్సెక్కి ఇంటికి వచ్చాను. సముద్రం ఎట్లుంటుందని ఇక్కడివాళ్ళు అడుగుతారు. పెద్దది అని చెబుతాను.

నాకు రోజూ కనబడేది సముద్రం కాదు. లారీలో పెట్టె పక్కన నిలబడి గుడి వైపు చూస్తున్నాను. వందల మంది ఆడవాళ్ళు, అందరూ పచ్చటి వేపాకుల్లో, ఎవరెవరి ప్రాణం కోసమో తిరుగుతున్నారు. వాళ్ళలో గౌరి ఎక్కడుందో వెతుకుతున్నాను. అందరూ ఒకేలా ఉన్నారు. నేను ఆమెను గుర్తుపట్టలేకపోతున్నాను.