వాసంలో కరువండు

చూపు పోయేదాకా మా తాత విల్లియనూరు రోడ్డులో వెదురు మండీ నడిపాడు. బండి దిగిన ప్రతి బొంగునూ వేలి కణుపుతో కొట్టి, అది గట్టిదో పుచ్చిందో చెప్పేవాడు. ఆ వ్యాపారంలో ఆయనకు బద్ధశత్రువు తుమ్మెద. మా ఇళ్ళలో దాన్ని అరవంలో లాగే కరువండు అనేవాళ్ళం. ఎండిన బొంగు కనబడితే చాలు, గుండ్రంగా చిల్లు తొలిచి కాపురం పెట్టేస్తుంది. మండీలో పనివాళ్ళు కిరసనాయిలులో ముంచిన గుడ్డ పీలికలను ఆ చిల్లుల్లో బిగించి కూరేవాళ్ళు. నేను చూస్తూ పెరిగిన పని అది.

డెబ్బైల నడుమ, నాకు పదేళ్ళప్పుడు, తాత మండీ మూసేసి మూలకుళంలో మా ఇంటికి వచ్చేశాడు. పగలంతా పంచలో నులక మంచం మీదే కూర్చునేవాడు. సరిగ్గా ఆయన తల మీద, వాసంగా వేసిన బొంగులో ఒక తుమ్మెద చేరింది. బొటనవేలంత లావు, నల్లటి ఒళ్ళు, ఎండ పడితే రెక్కల మీద నీలమూ పచ్చా కలిసిన మెరుపు. అది తొలిచిన పొట్టు తాత భుజాల మీద రాలుతుంటే అమ్మ విసుక్కుంటూ దులిపేది.

"పాడుది, మండీ మూసినా నన్ను ఇడిచిపెట్టలా" అని తాత సణిగేవాడు. సణుగుతూనే దాని సంగతులు చెప్పేవాడు. పొద్దున్నే పెరటి అవిశె పూల మీదికి పోతుందట. పుప్పొడీ తేనే కలిపి ముద్ద చేసి, దాని మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుందట. పొట్టుతో అడ్డుగోడ కట్టి, మళ్ళీ ఇంకో ముద్ద, ఇంకో గుడ్డు. పురుగు ఆ ముద్ద తిని పెరిగి, తెల్లగా బొమ్మలా పడుకుని, మెల్లగా నల్లబడుతుంది. రెక్కలు వచ్చాక కూడా పిల్లలు కొన్నాళ్ళు తల్లి దగ్గరే ఉంటాయి.

ఒకరోజు ఆయన చెవి పైకెత్తి, "పిల్లలు బయటికొచ్చే నాళ్ళు దగ్గిరపడినాయి పాపా" అన్నాడు.

నాకు అర్థమైంది ఒక్కటే: శత్రువులు ఇంకా ఎక్కువవుతారు. మర్నాడు మధ్యాహ్నం అమ్మ తాతను మంగలి దగ్గరికి నడిపించుకుపోయినప్పుడు ముక్కాలి పీట ఎక్కి, మండీ పద్ధతిలోనే ఆ చిల్లు మూసేశాను. ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు ఉండేది గనక ఆ వాసన ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు చెప్పి మెప్పు పొందాలని నా ఆశ.

తెల్లవారగానే నేను నోరు తెరిచేలోపే ఆయన అడిగాడు. "ఏంది పాపా, వండు ఇంకా బయటికి రాలా? ఒంట్లో బాగలేదో ఏమో."

ఆ గొంతులో దిగులు విని, చెప్పబోయిన మాట మింగేశాను. ఆయనకు అది ఎప్పుడో శత్రువు కాకుండా పోయింది, నాకే తెలియలేదు.

"వచ్చి పోయింది తాతా" అన్నాను.

"లేదు. లోపల ఇనబడతా ఉండాదే."

కిరసనాయిలు ఘాటుకే అది చచ్చి ఉంటుంది, ముసలాయన భ్రమ పడుతున్నాడనుకున్నాను. నా అబద్ధం బయటపడలేదని సంతోషించాను కూడా, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మూడు రోజులు పొద్దునా సాయంత్రం ఆయన అదే మాట అన్నాడు. "ఇనబడతా ఉండాది పాపా, గీకతా ఉండాది." నాలుగో రోజు అనలేదు. మంచం మాత్రం పంచలోంచి లోపలికి వేయించుకున్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడు.

ఎనభైల్లో పెంకులు దింపి మిద్దె కట్టేటప్పుడు ఆ బొంగును నేనే కత్తితో చీల్చాను. లోపల తల్లీ, మూడు పిల్లలూ ఎండిపోయి ఉన్నాయి. పీలికకు ఎదురువైపు బొంగు గోడలో కొత్త చిల్లు ఒకటి తొలిచి ఉంది. బయటపడడానికి కాగితమంత మందం మిగిలింది, అంతే.

తాత భ్రమ పడలేదు. మూడు రోజులు విన్నాడు, విన్నదంతా నాకే చెప్పాడు. నేను ముక్కాలి పీట ఎక్కి ఆ గుడ్డ పీలిక లాగేస్తే సరిపోయేది.