మర్హూన్ బాబాయ్ కర్ర

మర్హూన్ బాబాయ్ కర్ర ముంచి చూడనిదే దేన్నీ నమ్మడు.

అది ఖర్జూర మట్టతో చేసిన మూరెడు కర్ర. దాని మీద కింద నుంచి పైకి ఏడు గాట్లు. కొండ కింద నుంచి సొరంగంలో వచ్చే మా ఊరి కాలువకి ఆయన నీరటి. తెల్లారగానే కాలువలో ఆ కర్ర ముంచి, తడి ఎన్నో గాటు దాకా వచ్చిందో చూడటం ఆయన పని. అక్కడితో ఆగితే నేనివాళ రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఆయన ఆగేవాడు కాదు.

ఖల్ఫాన్ కూతురి పెళ్లిలో అందరూ చూస్తుండగా గోధుమలూ మాంసమూ కలిపి వండే హరీస్ గుండిగలో కర్ర ముంచాడు.

"మూడో గాటు. చాలదు. ఇంకో మేకని కొయ్యండి."

"మర్హూనూ, అది గోధుమల గుండిగయ్యా, కాలువ కాదు!" అన్నాడు ఖల్ఫాన్.

"అందుకే చెప్తున్నా. దీనికి ఊట లేదు."

చివరి బంతిలో యాభైమంది ఖర్జూరాలు తిని వెళ్లిపోయారు. అందులో పెళ్లికొడుకు మేనమామలు కూడా ఉన్నారు.

కాలువ పక్కన చదునైన చోట ఒక గుంజ పాతి ఉంటుంది. దాని నీడ పడే దారిలో వరసగా రాళ్లు. నీడ ఒక రాయి నుంచి ఇంకో రాయికి చేరితే అరగంట. మాకు నీళ్ల వంతులన్నీ ఆ నీడతోనే. నీడ రాయి తాకగానే బాబాయ్ కేక వేస్తాడు, ఆ వంతు మనిషి పరుగెత్తి మడవ తన మళ్లోకి తిప్పుకుంటాడు. తిప్పుకోకపోతే అంతకుముందు వంతు వాళ్ల మళ్లోనే నీళ్లు పారతాయి. ఆలస్యం ఎవరిదో నష్టం వాళ్లదే. తాతల నాటి కట్టు అది.

ఊరందరి వంతూ రెప్పపాటు తేడా లేకుండా చెప్పే ఈ మనిషి, తన వంతుకి మాత్రం ఏనాడూ వేళకి రాడు. గుంజ దగ్గర నుంచి ఆయన తోటకి వచ్చే దారిలో తొమ్మిది ఇళ్లు. వంతు రోజున ప్రతి గుమ్మంలోనూ కాఫీకి ఆగుతాడు. మా కాఫీ కప్పులు చిట్టివి. కర్ర ముంచితే మొదటి గాటు కూడా తడవదు.

"ఒక్క గాటైనా అందలేదు. ఇంకోటి పొయ్యమ్మా."

"ఊరికి వేళ చెప్పేవాడి చెట్లకి వేళ లేదు," అని నవ్వుకునేవాళ్లు.

ఆయన వంతుకి ముందు వంతు మాది. అరగంట. ఊరి మొత్తంలో చిన్న వంతు. మావి పదకొండు ఖర్జూర చెట్లు. నాన్న పోయిన ఏడాది నేను ఆరో తరగతి మానేసి అమ్మతో తోటలోకి దిగాను. ఆ పదకొండు చెట్లూ నిలబడితేనే మా ఇల్లు నిలబడుతుంది.

"ఈ మనిషికి మతి లేదే! నీళ్లింకా మన మళ్లోనే పారుతున్నాయి, పోయి పిలువు," అని అమ్మ నన్ను తరిమేది. నాకు మగవాళ్ల ముందు నోరు పెగలదు. మూల మీద నిలబడేదాన్ని. నన్ను చూడగానే ఆయన ఇంకో కప్పు అడిగేవాడు.

నాన్న పోయిన మూడో ఏడు, చలి ఇంకా పోకముందే, ఊరందరినీ గుంజ దగ్గరికి పిలిచాడు.

"నాలుగో గాటు. వేసవి చివర కనపడాల్సిన గాటు ఇప్పుడే కనపడింది. గడ్డి మళ్లూ ఉల్లి మళ్లూ ఈ ఏడు బీడు. ఉన్న నీళ్లన్నీ చెట్లకే."

ఊళ్లో అందరికంటే ఎక్కువ గడ్డి ఖల్ఫాన్‌దే. "కాలువ నిండుగా పారుతుంటే బీడేమిటయ్యా? నా మేకలు నీ కర్ర నమలాలా?"

"కాలువలో కనపడేది ఈవాళ. కర్రలో కనపడేది వచ్చే వేసవి. మా నాన్న రోజుల్లో వాన ఏడాదికోసారి చుట్టంలా వచ్చేది. ఇప్పుడు రాకపోతే మూడేళ్లు రాదు, వస్తే గోడలు ఎత్తుకుపోతుంది. గడ్డి మళ్లీ మొలుస్తుంది. చెట్టు చస్తే మళ్లీ కాయడానికి నీ మనవడికి గడ్డం రావాలి."

ఖల్ఫాన్ ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేశాడు.

అమ్మ ముసుగు సర్దుకుని ముందుకొచ్చింది. "అన్నా, ధార సన్నబడితే అరగంటలో నీళ్లు మా చివరి చెట్ల దాకా రావు. ఒక్క పది నిమిషాలు పెంచు."

"నీడకి చుట్టరికం లేదు, సలామా వాళ్లమ్మా. ఒకరికి పెంచితే రేపు ఊరంతా నా గడ్డం పట్టుకుంటుంది."

అమ్మ తలొంచుకుని ఇంటికొచ్చింది. నాకు ఆ కర్రని పొయ్యిలో పెట్టాలనిపించింది.

వేసవి వచ్చింది. ధార రెండో గాటుకి దిగింది. మా వంతు రోజున గోడ మీద కూర్చుని నీడనే చూస్తున్నాను. మా అరగంట అయిపోయి నీడ బాబాయ్ రాయి తాకింది, తన వంతుకి ఆయన కేక కూడా వేశాడు. తోటకి మాత్రం రాలేదు. తర్వాతి రాయి దగ్గరపడింది. వెతుక్కుంటూ వెళితే ఖల్ఫాన్ గుమ్మంలో ఉన్నాడు. ఆర్నెల్లుగా మాటల్లేని ఖల్ఫాన్! ఆయన మొహం గంటు పెట్టుకుని కాఫీ పోస్తున్నాడు, ఈయన కర్ర ముంచుతున్నాడు.

"మొదటి గాటు కూడా అందలేదు."

"ఇది ఏడో కప్పయ్యా! నీ నీళ్లు పోతున్నాయి!"

"కొలత కొలతే. ఇంకోటి పొయ్యి."

మిగతా రోజుల్లో ఆయన ఎవరింట్లోనూ కాఫీ ముట్టడని అప్పుడు గుర్తొచ్చింది. పరుగున తోటకి వచ్చాను. నీళ్లు మా పదకొండో చెట్టు మొదట్లో తిరుగుతున్నాయి.

"అమ్మా! బాబాయ్ కావాలనే..."

"నోరు ముయ్యి," అంది అమ్మ. "మూడేళ్ల నుంచీ తెలుసు నాకు. మనకి తెలిసిందని తెలిస్తే వేళకి వచ్చేస్తాడు." తర్వాత గోడ మీదుగా వీధంతా వినపడేలా కేకేసింది. "ఈ మనిషికి మతి లేదే!"

ఆ ఏడు గడ్డి మళ్లకి నీళ్లు ఆపని పక్క ఊళ్లో సగం చెట్లు మోడులయ్యాయి. మా ఊళ్లో ఒక్క చెట్టూ పోలేదు. బాబాయ్ తోటలో కాయలు మాత్రం మేక పెంటికల్లా ఉన్నాయి. ఊరు మళ్లీ నవ్వింది. ఆయన ఒక కాయని కర్ర పక్కన పెట్టి కొలిచి, "పరవాలేదు," అన్నాడు.

మరుసటి ఏడు కొండ మీద వాన పడింది. కర్ర ఆరో గాటు దాకా తడిసింది. ఆ సంగతి ఊరంతా కాలువ చూసి తెలుసుకుంది. మేం బాబాయ్‌ని చూసి కూడా తెలుసుకున్నాం. ఆ వంతు రోజున ఎక్కడా ఆగకుండా, సరిగ్గా వేళకి వచ్చాడు.

వచ్చేసరికి ఆయన మళ్లో నీళ్లు పారుతున్నాయి. అమ్మ చెబితే మా వంతు ముగియకముందే నేనే మడవ తిప్పేశాను.

"ఎవరు తిప్పింది? నీడ రాయి తాకి ఇంకా రెప్ప కొట్టలేదు, ఇక్కడ చెట్లు మునిగాయి!"

"నేనే బాబాయ్," అన్నాను. గొంతు ఎలా పెగిలిందో నాకే తెలీదు. "లెక్క తప్పాను."

"బడిలో నేర్పలేదా?"

"ఆరో తరగతితో ఆపేశాను."

"నేను నాలుగుతో ఆపా. ఒక్కసారైనా లెక్క తప్పానా?"

గోడ అవతల అమ్మకి పొలమారింది.

"రేపటి నుంచి గుంజ దగ్గరికి రా. నీడ చూడటం నేర్పుతా. ఇలాంటి లెక్కలతో ఊరు మునుగుతుంది."

సరేనని తలూపి కాఫీ పోసి ఇచ్చాను. ఎప్పటి చిట్టి కప్పే, ఎప్పటి కాఫీయే. కర్ర ముంచి, పైకెత్తి, కళ్లు చికిలించి చూశాడు.

"నిండుగా ఉంది," అని ఒక్క గుక్కలో తాగి వెళ్లిపోయాడు.