అంజయ్య గారి నీలం గుట్టలు

యాప్రాల్‌లో మా బాల్కనీ ఎదుట ఇళ్ల మధ్య మిగిలిన గుట్ట మీద ఈ సాయంత్రం తొలివాన పడింది. ఎండకు కాగిన బండలు తడిస్తే వచ్చే వాసన గదిలోకి రాగానే అంజయ్య గారు గుర్తొచ్చారు.

విజయనగరం నుంచి ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో పద్మారావు నగర్‌లో ఒక మేడ మీద అద్దెకుండేదాన్ని. పక్క వాటాలో ఆయన. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం పొద్దున్నే కెమెరా తీసుకుని యాప్రాల్ వైపు వెళ్లి గుట్టల ఫొటోలు తీసేవారు, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని వాటి వెలుగునీడలు మార్చేవారు. ఆఫీసు పని మాటలు తప్ప నేను ఎవరితోనూ మాట్లాడని రోజులవి. గోడ అవతల ఆయన దగ్గు వినిపిస్తే మనిషి అలికిడి ఉందని ధైర్యంగా ఉండేది.

ఒకసారి కంప్యూటర్ మొరాయిస్తే నన్ను పిలిచారు. బాగుచేశాక ఒకే గుట్టను తెల్లవారినట్టు, మబ్బు పట్టినట్టు, పొద్దు గుంకినట్టు మార్చిన ఫొటోలు చూపించారు. "గుట్ట గదే బిడ్డా. పొద్దు నేను మారుస్తున్న" అన్నారు. అలా ఆయన దగ్గర ఆ పని నేర్చుకోవడం మొదలుపెట్టాను.

కొన్నాళ్లకు ఒక సందేహం వచ్చింది. "అంకుల్, ఈ మధ్య బండలన్నీ నీలంగా చేస్తున్నారేంటండీ?" అని అడిగాను.

"నీలం ఏడున్నది?" అన్నారు. పాత ఫొటో పక్కన పెట్టి చూపించినా ఆయనకు తేడా తెలియలేదు. మర్నాడే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాను.

కళ్ల డాక్టరు శుక్లాలన్నారు. కంట్లో పొర ముదిరి లోకమంతా పసుపుగా కనిపిస్తుంటే, అది సరిచేసుకోవడానికి ఆయన తెలియకుండానే నీలం కలుపుతూ వచ్చారు. ఆపరేషన్‌కు తోడు ఎవరైనా రావాలన్నారు. ఆయన చాలాసేపు ఆలోచించి, "నువ్వు వస్తవా?" అని అడిగారు. వెళ్లాను.

కట్టు విప్పిన కొన్నాళ్లకు ఫొటోలన్నీ తెరిచి చూసుకున్నారు. "గింత నీలమా! సూసెటోళ్లుంటే ఎవరన్న చెప్తుండె గద" అన్నారు. అందులో ఫిర్యాదేమీ లేదు. నేను సరిచేస్తానంటే వద్దన్నారు. "ఉండనియ్. అప్పుడు నా కండ్లకు గట్లనే కనవడ్డయి."

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన ఫొటోలు నేను చూసేదాన్ని. "బాగుందండీ" అంటే ఒప్పుకునేవారు కాదు. "బాగుందంటే సూడనట్టే. ఏం కనవడ్డదో చెప్పు." చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ ఈ ఊళ్లో నేను మళ్లీ మాట్లాడటం నేర్చుకున్నాను.

ఒక చలికాలం ఆయన నిద్రలోనే పోయారు. తమ్ముడి కొడుకు సామాన్లు తీసుకెళ్లడానికి వచ్చి, "గిన్ని రాళ్ల ఫొటోలేందక్కా?" అని అడిగాడు. కూర్చోబెట్టి కొన్ని చూపించాను. మర్యాదగా తలూపాడు గానీ కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి.

ఇప్పుడు నేనూ ఫొటోలు దిద్దుతాను. రంగు పెంచబోయి చెయ్యి ఆపేస్తాను. సరిగ్గా ఉందో లేదో అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఎవరైనా నాకు ఫొటో చూపిస్తే మాత్రం తొందరపడను. మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి వాళ్ల ఊరి చెరువు ఫొటో చూపించింది. "గట్టు మీద ఎర్రచీర ఆరేసి ఉంది, ఎవరిది?" అని అడిగాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, "అది మా మేనత్తదండీ" అంటూ చెప్పడం మొదలుపెట్టింది.