పదో నిమిషం

సార్ పోయారని మొన్న పొద్దున వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. మీర్‌పేట్‌లో ఇంట్లోనే, చాయ్ తాగుతూ పక్కకి ఒరిగిపోయారట. "నాయిన మీ గురించి మస్తు చెప్పేటోడు అక్కా" అంది. నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ, ఎల్బీనగర్‌లో టైర్ల షాపు మేడ మీద సార్ దగ్గర కెర్నల్ పని నేర్చుకునేదాన్ని. కెర్నల్ అంటే కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపించే ప్రోగ్రాం. సార్ ఉద్యమం మనిషి. రోడ్డు మీద వంటావార్పులో కూర్చుని, కండువాతోనే మెట్లెక్కి వచ్చి నాకు పాఠం చెప్పేవారు.

ఓ బంద్ రోజు పొద్దున్నే వెళ్లాను.

"బస్సుల్లేవు గదా, ఎట్లొచ్చినవ్?"

"నడిచొచ్చాను సార్."

"అంత దూరమా! జర కూసో, ముందుగాల నీళ్లు తాగు."

అప్పుడు ఒక ఫ్యాక్టరీ హాజరు మిషన్ల పని చేస్తున్నాం. కరెంటు పోయినా చిన్న బ్యాటరీ మీద టైము లెక్కపెట్టుకునే చిప్పు ఒకటి వాటిలో ఉంటుంది. దాన్నుంచి టైము చదివే కోడ్‌ను కొత్త కెర్నల్‌కి తగ్గట్టు మార్చాలి. "ఒక్కటి మార్చు, గంటసేపు సూడు" అనేవారు సార్. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, నిమిషానికోసారి మిషన్ ఆపి, మళ్లీ వేసి, అది చూపించిన టైము నోటుబుక్కులో రాయాలి. నాకది చాదస్తంగా ఉండేది. ఆయన కిందికి వెళ్లగానే, ఆయన కంప్యూటర్ మీదే, అనవసరం అనిపించిన ఒక లైను తీసేశాను. తొమ్మిదింటికి మొదలుపెట్టి ఐదు నిమిషాలు చూశాను. బాగానే ఉంది. రోడ్డు మూసేలోపు హాస్టల్‌కి చేరాలన్న తొందరలో ఫ్యాక్టరీకి పంపేశాను.

వారానికి ఫ్యాక్టరీ నుంచి ఫోన్. తొమ్మిదీ పదికి వచ్చినవాళ్లకి తొమ్మిదీ పదహారు పడుతోందని గేటు దగ్గర పనివాళ్ల గొడవ. సార్ గడియారం విప్పి కూర్చున్నారు. తొమ్మిదో నిమిషం దాకా అంతా సరిగ్గానే ఉంది. నేను లేవబోతుంటే "ఆగు" అన్నారు. పదో నిమిషానికి పదహారు వచ్చింది. ఆ చిప్పు పదుల అంకెని, ఒకట్ల అంకెని విడివిడిగా దాస్తుంది. వాటిని సరిగ్గా కలిపి చదివే లైనునే నేను తీసేశాను. అది లేకపోతే పదుల చోట ఉన్న ఒకటిని కెర్నల్ పదికి బదులు పదహారుగా లెక్కేస్తుంది.

కోడ్‌లో ప్రతి మార్పు పక్కనా చేసినవాళ్ల పేరు, చేసిన టైము పడతాయి. అది ఆయన కంప్యూటర్ కాబట్టి ఆయన పేరే పడింది. సార్ నా మొహం వైపు చూశారు.

"సార్, అది..."

"ఊకో. దిద్దినకాడ నీ పేరు వెయ్యి."

ఫోన్లో వాళ్లతో "గల్తీ నాదే" అన్నారు. ఆ ఫ్యాక్టరీ వాళ్లు మళ్లీ ఆయనకి పని ఇవ్వలేదు.

ఆ దిద్దుబాటు చూపించే నేను మొదటి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇంటర్వ్యూలో "ఇంత తప్పు ఎవరు చేశారమ్మా?" అని అడిగితే, "మా సార్" అన్నాను. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎల్బీనగర్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లినా ఆ మెట్లెక్కలేకపోయాను.

నిన్న ఆ పాత కోడ్ తెరిచాను. మార్పుల జాబితాలో రెండు లైన్లు, ఒకదాని కింద ఒకటి. పైన దిద్దుబాటు, నా పేరు. కింద తప్పు, బంద్ రోజు, పొద్దున తొమ్మిదీ ఎనిమిది, సార్ పేరు.