వేషధారి అంటే లేచి నిలబడ్డ మనిషి

మా రష్యా పెద్దాయన పోయినారు. శనివారం పొద్దున రొయ్యల గుంట గట్టు మీద నీళ్ళకు గాలి ఆడించే ఏరేటర్ మోటారు విప్పుకుని కూర్చోనుంటే ఆయన కోడలు ఫోన్ చేసింది. "అన్నా, మామయ్య నిద్రలోనే పోయినారు. టీ పెట్టి లేపితే లేవలా" అనింది. గ్రీజు చేతులతోనే నిలబడి ప్రార్థనకు నోరు తెరిచాను. మైకు అక్కర్లేని గొంతు నాది, మీకందరికీ తెలిసిందే. ఆ పూట మాత్రం గుసగుసగానే ప్రార్థన చేశాను.

మైపాడు బీచి ఇసుకలో సాయంత్రాలు ఒక పొడుగాటి తెల్లాయన చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం మీలో కొందరు చూసే ఉంటారు. ఎవరు ఎదురైనా ఆగి, వాళ్ళ నడకను తేరిపార చూసేవారు. ఆయన కొడుకు కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటుకు ఇంజినీరుగా వచ్చి, మా సంఘపు అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. భార్య పోయాక పెద్దాయన కూడా వాళ్ళ దగ్గరికి వచ్చేశారు. తన దేశంలో ఆయన పేరున్న నటుడని ఆ అమ్మాయి చెప్పినా మేమెవరమూ పట్టించుకోలేదు.

ఆయన మా మందిరానికి ప్రార్థనకు వచ్చిన మొదటి ఆదివారం నేను ప్రసంగంలో వేషధారుల మీద నిప్పులు చెరుగుతున్నాను. జనం చూడాలని వీధిలో నిలబడి దేవుణ్ణి పిలిచేవాళ్ళ గురించి. "వేషధారులారా, ఆ దినాన ఎక్కడ దాక్కుంటారు?" అని బల్ల గుద్దాను. వెనక వరసలో కోడలు ఆయన చెవిలో మాట మాటా రష్యన్‌లో చెబుతోంది. పెద్దాయన లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నడుము దాకా వంగి నమస్కారం చేశారు! తెల్లాయన వచ్చిన రోజే మారుమనసు పొందాడని సంఘమంతా "స్తోత్రం! హల్లెలూయా!" అంటూ హోరెత్తింది.

కూడిక అయ్యాక ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. "అన్నా, నాకొచ్చేది ఇంట్లో మాట్లాడుకునే రష్యనే గదా. వేషధారి అంటే వేషాలేసేవాడు, నాటకాలాయన అని చెప్పేసినా. తన్నే పిలిచినారనుకున్నారు. మీ దేవుడికి నా పని మీద అంత కోపం దేనికని అడగతా ఉండారు."

లేనిదాన్ని ఉన్నట్టు చూపేవాడు వేషధారి అని చెప్పమన్నాను. పెద్దాయన ఆలోచించి ఏదో అన్నారు. "చూపేది లేనిదేనని టిక్కెట్టు కొనేటప్పుడే అందరికీ తెలుసు, ఇంక మోసం ఎక్కడుంది అంటా ఉండారు" అనింది. సాయంత్రమే గ్రంథం చంకన పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆ తర్వాత వెళ్ళని వారం లేదు; మాటలన్నీ ఆ అమ్మాయే మధ్యలో ఉండి ఇటూ అటూ చెప్పేది.

రైలు ఇంజను నడిపేవాడి కొడుకట ఆయన. నాటకశాలలో తెరలు లాగే పనికి కుదిరి, అదే నాటకశాలలో రాజుల వేషాల దాకా వెళ్ళారు. సినిమాల్లో మాత్రం డాక్టరు, పోలీసు, స్టేషన్ మాస్టరు లాంటి చిన్న వేషాలు. ఒక్క సినిమాలో తాగుబోతు పడవవాడిగా చేస్తే దేశమంతా గుర్తుపట్టింది. అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా సీసాలు తెచ్చి ముందు పెట్టేవాళ్ళట. ఆయన టీ తప్ప ముట్టరు.

"స్టేజి మీద చావడం కష్టమా?" అని అడిగాను ఒకసారి.

"చావడం తేలిక. తెర పడేదాకా ఊపిరి కనపడకుండా ఉండాలే, అదీ కష్టం. ఒకసారి నన్ను పాతిపెట్టే సీన్లో తుమ్మాను. జనం లేచి చప్పట్లు కొట్టారు."

నా ప్రసంగానికీ వంక పెట్టారు. మొదటి మాట నుంచే అరిస్తే చివర్లో ఎక్కడికి ఎక్కుతావన్నారు. "ప్రవక్తలు గుసగుసలాడలేదని చెప్పమ్మా!" అన్నాను. ఆ అమ్మాయి ఆయనకు చెప్పకుండా నాకే బదులిచ్చింది: "ఏలీయాకు దేవుడు గాలిలోనా వినపడింది, నిప్పులోనా? మెల్లని స్వరంలోనే గదన్నా!" నా కత్తితో నన్నే పొడిచింది.

తర్వాత నెల్లూరు డాక్టరు పెద్దాయన గుండె బాగా బలహీనపడిందని చెప్పాడు. ఆ వారం నేను వెళితే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నా భాష ఒక్కరికీ రాని చోట నేను ఇంకా నటుణ్ణేనా, ఉత్త ముసలివాణ్ణేనా? అది తెలియకుండా పోవాలని లేదు. ఒక్కసారి నన్ను జనం ముందు నిలబెట్టు" అన్నారు.

మా సంఘంలో వేషాలు కట్టే ఆచారం లేదు. నేను ఆ మాట ఎత్తగానే పెద్దలు విరుచుకుపడ్డారు. "సినిమాలొద్దని గొంతు చించుకునేదీ నువ్వే, డ్రామా తెచ్చేదీ నువ్వేనా అన్నా?"

"ప్రవక్త యెహెజ్కేలు ఇటుక మీద యెరూషలేము గీసి, పక్కకు తిరిగి పడుకుని ముట్టడి ఆడి చూపలేదా? యిర్మీయా మెడకు కాడి కట్టుకుని తిరగలేదా? దేవుడు కట్టించిన వేషాలు గావా అవి?"

"అయితే మందిరంలో వద్దు. బీచిలో చేసుకో" అన్నారు.

ఆస్తి పంచుకుని ఇల్లొదిలి పోయిన కొడుకు కోసం తండ్రి ఎదురుచూసే, తప్పిపోయిన కుమారుడి కథ నేను చెప్పాలి, తండ్రిగా ఆయన చెయ్యాలి. ఆయనకు ఒక్క మాటా లేదు. రోజూ బీచికి వెళ్ళి, పడవల కోసం ఎదురుచూసే ఆడవాళ్ళను చూసొచ్చేవారు. చివరికి ఒక గంపెడు చిన్న చేపలు అడిగారు.

"ఆస్తిపరుడైన తండ్రి చేపలు ఏరుకోవడం ఏంది సామీ?" అన్నాను.

"ఖాళీ చేతులతో ఎవరూ ఎదురుచూడరు. వెళ్ళి చూడు" అన్నారు.

ఒక ఆదివారం సాయంత్రం బీచి నిండింది. గుంటల్లో పనిచేసేవాళ్ళు, పడవలవాళ్ళు, ఇందుకూరుపేట నుంచి వచ్చిన సాయిబుల కుటుంబాలు. పెద్దలు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. కొడుకు వేషం వేసిన మా సంఘపు తమ్ముణ్ణి నేనే జనం కంటపడకుండా తీసుకెళ్ళి, సముద్రం వైపు ఆగి ఉన్న ఐసు వ్యాను వెనక దాచిపెట్టాను.

పెద్దాయన ఇసుకలో కూర్చుని చేపలు ఏరుతున్నారు. నేను కథ మెల్లగా మొదలుపెట్టాను. ఆయన తలెత్తి, దూరంగా ఊళ్ళోకి పోయే రోడ్డు వైపు చూసి, మళ్ళీ గంపలోకి వంగారు. కాసేపటికి ఇంకోసారి చూశారు, మళ్ళీ వంగారు. ఆ తర్వాత తలెత్తినప్పుడు మాత్రం చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. కూర్చున్న మనిషి మెల్లగా లేస్తున్నాడు.

ముందు వరసలో ఒకామె తల తిప్పి రోడ్డు వైపు చూసింది. ఆమె పక్కనామె చూసింది. చూస్తుండగానే జనమంతా, పెద్దలతో సహా, వీపులు మాకు పెట్టి రోడ్డు వైపు తిరిగిపోయారు. ఎవరో "వస్తా ఉండాడా?" అన్నారు. అటునుంచి ఎవరూ రారని అక్కడున్నవాళ్ళలో తెలిసింది నాకూ ఆయనకూ మాత్రమే.

నేనూ తిరిగి రోడ్డు వైపు చూశాను.