ఖఫ్జీ మంచులో ఘూల్

భోజన్నది ఆరడుగులు దాటిన మనిషి. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి రియాద్‌కు పరంజాలు కట్టే పనికి వచ్చాడు. ఒకసారి నగరంలోని మలాజ్ పేటలో కుస్తీ ప్రదర్శనకు రింగు బిగించే పని పడింది. చివరి తాడు లాగి కట్టి చెమట తుడుచుకుంటుంటే, అక్కడ కుస్తీ నేర్పే పాకిస్తానీ ఉస్తాద్ బషీర్ అతని చుట్టూ తిరిగి, సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు. "నిన్ను చూస్తేనే జనం జడుసుకుంటారు. మా దగ్గరికి వస్తావా?" అని ఉర్దూలో అడిగాడు. అది తిట్టనుకున్నాడు భోజన్న. తీరా చూస్తే అది కొలువు.

వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఒప్పుకున్నాడు. ఉస్తాద్ చాలాకాలం అతనికి కొట్టడం నేర్పలేదు, పడటమే నేర్పాడు. ఎదుటివాణ్ణి ఎత్తి కుదేసేటప్పుడు వాడి మెడ కింద తన అరచెయ్యి ఎలా ఉండాలో నేర్పాడు. "హీరో ఒళ్ళు నీకు నమ్మి అప్పగించిన సొత్తు. ఎట్లా తీసుకున్నావో అట్లాగే తిరిగి ఇవ్వాలి" అనేవాడు.

ఆటలో అతనిది ఎప్పుడూ ఓడిపోయే దుష్టుడి వేషం. కళ్ళ చుట్టూ దట్టంగా కాటుక, భుజాల మీద నల్ల దుప్పటి, పేరు ఘూల్. అరబ్బీలో రాకాసి. జనమంతా లేచి ఛీకొడుతుంటే మొదట్లో అతను దుప్పటి మొహం మీదికి లాక్కునేవాడు. పోనుపోను ఆ కేకలు ఎక్కడో దూరంగా కురుస్తున్న వానలా వినబడసాగాయి. తిట్లలో సగం అర్థమయ్యేవి కావు. కళ్ళు మూసుకుంటే ఆ వానలో తడుస్తున్నట్టే ఉండేది.

ఊళ్ళో అతని భార్య ఊర్మిల ఫోన్లో ఆ వీడియోలు చూసి పోరుపెట్టేది. "ఒక్కపారన్న నువ్వు గెలిస్తె ఏంబోతది?"

"నేను గెలిస్తె పిలగాండ్లు ఏడ్సుకుంట ఇంటికి పోతరే. నేను ఓడితెనే వాళ్లకు మంచిగ నిద్రవడ్తది."

"ఏం కొలువో ఏమో" అని నవ్వేది ఊర్మిల.

అట్లా నాలుగేళ్ళు గడిచాయి. ఒక చలికాలం ఖఫ్జీ అనే ఊళ్ళో, సముద్రం ఒడ్డున ప్రదర్శన పెట్టారు. పొద్దు వాలేసరికి నీళ్ళ మీది నుంచి మంచు మెల్లగా పాకి వచ్చింది. దీపాలు పాలలో ముంచినట్టయ్యాయి. ఎదురుగా ఎప్పటిలాగే హీరో నాయిఫ్. రింగు బయట భోజన్నకు టీ కలిపిచ్చే స్నేహితుడు, రింగులో పగవాడు. భోజన్న అతన్ని తాళ్ళకు నొక్కిపెట్టి గొంతు పిసుకుతున్నట్టు నటిస్తుంటే, ముందు వరుస నుంచి ఒక ఆడగొంతు ఖంగుమంది.

"నీ చేతులు ఇరిగిపోనూ! బంగారట్లాంటి బిడ్డను అట్లా కొడ్తాండావే, నీకు అమ్మా అబ్బా లేరేమిరా?"

భోజన్న చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో అతన్ని తెలుగులో తిట్టినవాళ్ళు లేరు. మంచులోంచి ఎవరో ఇంటిపేరు పెట్టి పిలిచినట్టనిపించింది. ఇంకా తిడితే బాగుండునని కూడా అనిపించింది.

ఆట ప్రకారం భోజన్న వెల్లకిలా పడాలి, నాయిఫ్ మూలస్తంభం ఎక్కి అతని మీదికి దూకాలి. తాడు మంచుకు తడిసి ఉంది. నాయిఫ్ కాలు జారింది. తలకిందులై రింగు అంచున ఇనుప చట్రం మీదికి వస్తున్నాడు. భోజన్న ఒక్క ఊపున దొర్లి అతని కిందికి వెళ్ళి భుజం అడ్డం పెట్టాడు. లోపల ఏదో ఎండుపుల్లలా విరిగింది.

ఘూల్ చితికిపోయాడని జనం ఆనందంతో ఊగిపోయారు. నాయిఫ్‌కు సంగతి తెలిసిపోయింది. "ఆపమంటాను, భోజా" అన్నాడు చెవిలో.

"వద్దు. కమ్మిల్, ఆట పూర్తి చెయ్" అన్నాడు భోజన్న.

నాయిఫ్ అతన్ని వెల్లకిలా అదిమిపట్టగా రిఫరీ లెక్కపెడుతున్నాడు. భోజన్నకు పైన దీపాలు మంచులో కరిగి తంగేడు పూలలా విచ్చుకుంటున్నట్టు కనిపించాయి. ఒంటికింద నేల ఉన్నట్టే లేదు. అరుపుల మీద తేలుతూ ఎటో పోతున్నట్టుంది. ఈ దేశమూ కాదు, ఆ దేశమూ కాదు.

తరవాత డేరా పక్కన కుర్చీలో కూచోబెట్టి చెయ్యి కట్టారు. అప్పుడొచ్చింది నొప్పి. "అమ్మా, సచ్చిన్రో!" అన్నాడు.

యజమాని పిల్లల్ని తీసుకుని వెళుతున్న ఆ తిట్టిన మనిషే ఆగింది. మెహరున్నిసా, ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చి ఖఫ్జీలో ఒక ఇంట్లో పనిచేస్తోంది.

"ఓ యబ్బా! నువ్వు తెలుగోడివా?" చేతి కట్టు చూడగానే ఆమె మొహం వాడిపోయింది. "నా నోరు మంచిది కాదు నాయనా. నా మాటే తగిలిండాది."

"నీ మాటకు పానం లేసొచ్చిందక్కా. అంత గనం తిట్టినవంటె నేను పని మంచిగ జేసినట్టే గద."

ఆమె పిల్లల సంచిలోంచి ఖర్జూరాలు తీసి అతని చేతిలో పెట్టింది. పిల్లలు ఆమె వెనక నక్కి చూస్తున్నారు. ఘూల్ నవ్వకూడదు. నొప్పిని పంటి కింద నొక్కి వాళ్ళ వైపు గుర్రుమన్నాడు. వాళ్ళు కేరుమంటూ, ఆనందంగా పరుగెత్తారు.

ఎముక అతికింది గాని చెయ్యి భుజం పైకి లేవదు. ఘూల్ కథ అక్కడితో అయిపోయింది. ఇప్పుడు మలాజ్‌లో ఉస్తాద్ పక్కన నిలబడి కొత్తవాళ్ళకు పడటం నేర్పుతున్నాడు.

శుక్రవారాలు నాయిఫ్ అతన్ని తన ఇంటికి తీసుకెళతాడు. నాయిఫ్ తాత ప్రతిసారీ మనవణ్ణి అడుగుతాడు, నిన్ను కొట్టిన ఈ రాకాసిని ఇంట్లోకి ఎందుకు రానిస్తున్నావని. అదంతా ఆటేనని, తనను కాపాడింది ఇతనేనని నాయిఫ్ ప్రతిసారీ చెబుతాడు. ముసలాయన ఒక్క ముక్కా నమ్మడు. మర్యాద తప్పలేక కహ్వా, అరబ్బీ కాఫీ, పోస్తాడు గాని, కళ్ళెర్రజేసే పోస్తాడు. భోజన్న తల వంచుకుని, ఆ చూపు మీద పడుతుండగా, గుక్కగుక్కకూ తృప్తిగా తాగుతాడు.