డిస్కుకు ఆనించిన చెవి

గడియారాలు బాగుచేసే ఆయన పగలంతా టిక్ టిక్ వింటూనే బతుకుతాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆ చప్పుడు తలుచుకుంటేనే గుండె గుభేలుమంటుంది. స్టీరియో పక్కన బల్ల మీద నలభై వేల పాటలున్న హార్డ్ డిస్కు ఉంది. పాడయ్యే ముందు డిస్కు టిక్కుమంటుందని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి ఆయనకు కుదురు లేదు. ఒక కాపీ బీరువాలో దుప్పట్ల మధ్య, ఇంకొకటి బావమరిది ఇంట్లో దాచినా నమ్మకం కుదరలేదు. పాట పెట్టగానే స్పీకర్లకు వీపు తిప్పి, కళ్లు మూసుకుని, డిస్కుకు చెవి ఆనిస్తాడు. చూసినవాళ్లు పాటలో మునిగిపోయాడనుకుంటారు.

"అది డిస్కు నాన్నా, జ్వరమొచ్చిన పసిబిడ్డ కాదు" అంటుంది కూతురు.

నిన్న సాయంత్రం భార్య బిడియపడుతూనే ఫోన్ చేతికిచ్చింది. "నేను పాడిన పాట ఉందిందులో. మీ డిస్కులో వేసి, పెద్దగా పెట్టండి, విందాం."

పెట్టాడు. గదంతా ఆమె గొంతు నిండింది. ఆమె చేతిలోని తువ్వాలు నలుపుకుంటూ గుమ్మంలోనే నిలబడింది. పాట అయిపోయాక ఆయన మెల్లగా తలెత్తి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఎలా పాడానండీ?"

"అమ్మయ్య! ఒక్క చప్పుడు కూడా వినపడలేదు" అన్నాడాయన.